ఆరు రుతువులు, ఒక బొమ్మ రైలు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పదవీ విరమణ తర్వాత కాలక్షేపం" అన్న అంశం మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నాకు తెలిసిన కాలక్షేపం ఒక్కటే, బొమ్మ రైళ్ళు. ఆ మాట చెప్పగానే ఆయన ఫోన్లో ఒక నిమిషం మాట్లాడలేదు. అరవై దాటిన మనిషి బొమ్మ రైలు ఆడుకోవడమేమిటని అనుకుని ఉంటారు. మా ఆవిడ కూడా ముప్ఫై ఏళ్ళుగా అదే అనుకుంటోంది. కాబట్టి నాకు కొత్తేమీ కాదు.

ముందు రెండు ముక్కలు లెక్క చెబుతాను. నేను కట్టేది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. బజారులో దొరికే పట్టాలు అలా ఉండవు కనుక ఆ తేడాకి కళ్ళు మూసుకుంటాం. కరెంటు 12 వోల్టులు, పట్టాల్లోంచే చక్రాలకి, చక్రాల్లోంచి మోటారుకి వెళుతుంది. పట్టా మీద కాస్త దుమ్ము పడినా, పాచి పట్టినా బండి ఆగిపోతుంది. అంటే ఇది మన చేతిలో ఉన్న ఆట కాదు, వాతావరణం చేతిలో ఉన్న ఆట. ఆ సంగతి నాకు సర్వీసులోనే తెలిసింది.

నేను వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా 28 ఏళ్ళు చేశాను. 1979లో చేరాను, 2007లో బయటికొచ్చాను. మొదటి రైలు సెట్టు పాత సామాన్ల బజారులో కొన్నాను. అది ఎన్ స్కేలు, 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లే. ఎందుకు కొన్నానంటే ఆ చక్రం మొత్తం నా రేకు ట్రంకు పెట్టె మూతలో పడుతుంది. బదిలీ వస్తే మూత వేసి తాళం పెడితే చాలు, రైల్వే కూడా బదిలీ అయినట్టే.

జోధ్‌పూర్‌లో ఎండాకాలం ఆంధీ లేచిందంటే తలుపులు ఎంత బిగించినా ఇసుక లోపలికి వచ్చేది. ఇంజను గేర్లలో దూరి కరకరమనేది. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పెట్టె మూత తీసేవాణ్ణే కాదు. తేజ్‌పూర్‌లో వానాకాలం ఇంకో రకం. ఇరుసులకి తుప్పు, అట్టముక్కలతో చేసిన స్టేషనుకి బూజు. లేహ్‌లో చలికాలం వస్తే జోజిలా మూసుకుపోయేది, ఉత్తరమైనా విమానంలోనే రావాలి. చేతినిండా సమయం, చీకటి పడితే ఎక్కడికీ కదలలేం. అక్కడ బోలెడు పని అవుతుందనుకున్నా. తీరా చూస్తే ఫెవికాల్ సీసాలోనే గడ్డకట్టింది. స్టవ్ దగ్గర పెట్టి కరిగిస్తే విరిగిన పాలలాగా అయింది, దేనికీ అంటలేదు. నీళ్ళతో చేసిన జిగురు ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదని అక్కడే నేర్చుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా నాయన రైల్వేలో గ్యాంగుమన్. డోర్నకల్ వైపు పట్టాల పక్కనే మా క్వార్టరు. మాకు ఇంట్లో మూడే కాలాలు. ఎండాకాలం పహరా, వానాకాలం పహరా, పని కాలం. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం పట్టా వంకర తిరిగిందేమోనని చూడ్డానికి నడవాలి. వానాకాలం రాత్రిపూట చేతిలో లాంతరు, సంచిలో పటాకీలు, భుజం మీద గొంగడి. కట్ట కోసుకుపోయిందా, వంతెన కింద నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయి అని చూసుకుంటూ పోవాలి. బీటు చివర అవతలి మనిషి వస్తాడు, ఇద్దరూ పుస్తకాలు మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ పుస్తకం మారితేనే ఇద్దరూ ఆ దారి నడిచినట్టు లెక్క. వాన పడే రాత్రుల్లో మా అమ్మ పడుకునేది కాదు. తెల్లవారి నాయన చెప్పుల చప్పుడు వినపడ్డాకే పొయ్యి ముట్టించేది.

2003లో నేను హకీంపేటలో ఉండగా నాయన మా క్వార్టరుకి వచ్చాడు. అప్పటికి రిటైరై చాలా ఏళ్ళయింది. వరండాలో నేను కట్టిన బొమ్మ రైల్వే చూపించాను. వంగి చూశాడు, ఫిష్‌ప్లేట్ల మీద వేలు పెట్టి చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నా. "మంచిగున్నది గనీ, దీనికి వానాకాలం పెట్రోలింగ్ ఎవలు చేస్తరురా?" అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర వరదకి వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. వందమందికి పైగా పోయారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టీవీలో ఆ వార్త చూసిన రాత్రి నాయన అన్నం ముట్టలేదు. ఏమీ మాట్లాడలేదు కూడా. ఆయన అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది నాకు.

అయినా బుద్ధి రాలేదు. రిటైరయ్యాక సికింద్రాబాదులో డాబా మీద రేకుల గది వేయించి, డిసెంబరు చలిలో 8 మీటర్ల పట్టా పరిచాను. కరెంటు బాగా పారాలని ఒక్క సందు కూడా వదలకుండా అన్ని జాయింట్లూ టంకం పెట్టేశాను. విమానాల మీద పనిచేసినవాణ్ణి, నాకొకరు చెప్పాలా అన్న ధీమా! 2016 మే నెలలో పుణె నుంచి మనవడు వచ్చాడు, ఏడేళ్ళవాడు. మధ్యాహ్నం భోంచేసి చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాను. స్విచ్చి వేశాను. మలుపు దగ్గర పట్టా పాములాగా లేచి ఉంది. ఇంజను, మూడు పెట్టెలు బల్ల మీంచి నేలకి. వాడు ఏడుపు. "తాతా, మా పుణె మ్యూజియంలో రైలు పడిపోదు" అన్నాడు. కోత్రూడ్‌లో జోషీ గారి బుల్లి రైళ్ళ మ్యూజియం ఉంది, 1998 నుంచి నడుస్తోంది. వాడికి అదే లెక్క.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా పట్టాల లోహం పేరు నికెల్ సిల్వర్. అందులో వెండి వీసమైనా లేదు, రాగి, నికెల్, జింకు అంతే. ఒక మీటరు పట్టా ఒక డిగ్రీ వేడికి సుమారు 17 మైక్రాన్లు పెరుగుతుంది. చలికాలానికీ రేకుల గదిలో మే మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా. 8 మీటర్లకి 4 మిల్లీమీటర్లు! అసలు రైలు పట్టా ఉక్కు, 13 మీటర్ల ముక్క అదే 30 డిగ్రీలకి నాలుగున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే మా నాయన ఎండలో నడిచి చూసింది దాదాపు ఇంతే తేడా. ఆయన అప్పటికే లేడు, 2011లో పోయాడు. ఉంటే ఒక్క మాటతో చెప్పేవాడు.

ఆ తర్వాత నా ఏడాదిని రుతువుల ప్రకారం పంచుకున్నాను. ఇది తమ్ముళ్ళు రాసుకోవచ్చు.

హేమంత, శిశిరాలు, అంటే కార్తీకం వెళ్ళాక ఫాల్గుణం దాకా, నా అసలు సీజను. గాలి పొడిగా ఉంటుంది, రోజుకి నాలుగు గంటలు పైనే ఉంటాను. పట్టాలు పరిచేది, కంకర అతికించేది, బండ్లు నడిపేది ఇప్పుడే. అయితే చలిలో పరిస్తే గజం పట్టాకి అర మిల్లీమీటరు సందు వదలాలి. రెండు విజిటింగ్ కార్డులు కలిపి మధ్యలో పెడితే సరిపోతుంది. ఎండలో పరిస్తే సందు అక్కర్లేదు. కరెంటు కోసం ప్రతి ముక్కకీ కింద నుంచి విడిగా తీగె ఇవ్వాలి.

వసంతంలో రంగులు. గాలిలో తడి ఉన్నప్పుడు లాకర్ రంగు కొడితే తెల్లటి మసక పడుతుంది. విమానం రెక్కలకి డోప్ పూసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. అందుకని వసంతం వెళ్ళేలోగా పెయింటింగు ముగించేస్తాను.

గ్రీష్మంలో, రోహిణి ఎండకి రోళ్ళు పగిలే రోజుల్లో, పొద్దున అయిదు నుంచి ఏడు వరకే పైన. పట్టాల దుమ్ము తుడవడం, అంతే. పగలు కింద బల్ల మీద పెట్టెలు అతకడం. ఫ్యాను వేస్తే చిన్న ముక్కలు ఎగిరిపోతాయి, ఆపితే చెమట చుక్క జిగురులో పడుతుంది. ఏదో ఒకటి భరించాలి.

వర్షరుతువులో చెక్క ఉబ్బుతుంది. కలప పొడుగున పెద్దగా కదలదు, అడ్డంగా కదులుతుంది. అందుకని ప్లైవుడ్డుకి పైనా, కిందా, అంచులకీ రంగు పూసి మూసేయాలి. అప్పుడు తీగెల పని, టంకం పని, ఇంజన్ల సర్వీసింగు చేసుకుంటాను. పెట్టెలున్న అల్మారాలో సిలికా జెల్ సంచులు పెడతాను. శరత్తులో దసరాకి ఆయుధపూజ. స్క్రూడ్రైవర్లకి, టంకం కడ్డీకి బొట్టు పెట్టి మళ్ళీ పట్టాలు తుడిచి మొదలు.

మరి మనవడి సంగతి? వాడికి సెలవులు మేలోనే వస్తాయి, నా సీజను డిసెంబరు. రుతువుని మార్చలేం, స్కూలునీ మార్చలేం. అందుకని పాత ట్రంకు పెట్టె దించాను. మూతలో ఎన్ స్కేలు చక్రం మళ్ళీ కట్టాను. 2017 మేలో హాల్లో కూలరు ముందు తాతామనవళ్ళిద్దరం దాన్ని నడిపాం. పడిపోలేదు. కొన్ని సందులు వాడే కార్డులు పెట్టి కొలిచాడు.

తమ్ముళ్ళారా, రిటైరైన మొదటి ఆరు నెలలు నాకు సోమవారానికీ ఆదివారానికీ తేడా తెలిసేది కాదు. సర్వీసులో మన రోజుని రోల్‌కాల్ నడిపింది. బయటికొచ్చాక ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. నాకు రుతువులు చేస్తున్నాయి. మీకు తోట కావచ్చు, హార్మోనియం కావచ్చు. కానీ ఏ నెలలో ఏ పని అన్నది ముందే రాసిపెట్టుకోండి. పని చెయ్యలేని నెలల్లో చెయ్యగలిగే చిన్న పని ఒకటి తప్పకుండా ఉంచుకోండి. ఖాళీ నెలలే మనిషిని కుంగదీస్తాయి.

ఇప్పుడు వాన పడిన ప్రతి రాత్రీ టార్చి పట్టుకుని పైకి వెళతాను. రేకు కారుతోందా, బల్ల తడిసిందా అని చూసి వస్తాను. మా ఆవిడ కింద మేలుకునే ఉంటుంది. నా రైల్వేలో చిన్న వంతెన పక్కన రెండు సెంటీమీటర్ల మనిషిని నిలబెట్టాను. భుజాన గొంగడి, చేతిలో లాంతరు. నాయన అడిగినదానికి ఆలస్యంగానైనా జవాబు చెప్పాను.

 జై హింద్.