పరిశోధన అంటే ఏమిటి? అది మన పిల్లలకెందుకు?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చదువు అవసరమని మీకు మేము చెప్పేదేముంది! బడికి పంపాలా వద్దా అన్న వాదన మన ఇళ్లలో ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు వస్తున్న పేచీ వేరు. ఎం.ఏ.యో ఎం.ఎస్సీ.యో పూర్తి చేసిన అబ్బాయి, అమ్మాయి “ఇంకా చదువుతాను, పరిశోధన చేస్తాను” అంటే ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఇంకా ఎన్నేళ్లు? దేనిమీద? ఏమొస్తుంది దానివల్ల?

మన విద్యానిధికి వచ్చే దరఖాస్తుల దగ్గరా ఇవే ప్రశ్నలు. ఈ ఏడాది పరిశోధన నిమిత్తం మూడు వచ్చాయి. ఒకటి వేరుశనగ పైరుకు వచ్చే ఆకుమచ్చ తెగులు మీద. రెండవది పాత ఫార్సీ భూమి దస్తావేజుల మీద. మూడవది గణితం. వేరుశనగకు అందరూ సరేనన్నారు. మిగిలిన రెండింటి దగ్గర మాట పెరిగింది. “ఇది కిరాణా కొట్టువాళ్లూ, టైలర్లూ, పింఛనుదారులూ ఇచ్చిన డబ్బండీ. డాక్టరుకో ఇంజనీరుకో ఇస్తే రేపు నలుగురికి పనికొస్తాడు. ఎప్పటివో చినిగిపోయిన కాగితాలు చదివేవాళ్లకు ఎందుకు?” అన్నారు. ఆ మాట అన్నవారి మీద మాకు కోపం లేదు. నిధి లెక్క చూసేవారు అలాగే అడగాలి. అయితే అడిగిన దానికి జవాబు కూడా వినాలి గదా.

హైదరాబాదులో తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్లే దారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ చుట్టుపక్కల నాలుగైదు కిలోమీటర్లలో ఎన్ని రకాల చదువులున్నాయో చూడండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచీ ఉంది. అదే ఏడాది కూనూరులో చిన్నగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చిన పోషకాహార సంస్థలో మనం తినే తిండిని పరీక్షిస్తారు. రసాయన సంస్థలో మందుల తయారీ చూస్తారు. 1961లో పెట్టిన భూభౌతిక సంస్థవారికి రాళ్లూ, భూకంపాలూ, భూమిలోపలి నీళ్లూ పని. అదే రోడ్డు మీద ఇంకో సంస్థలో కంటికి కనిపించని జీవకణాన్ని పరిశీలిస్తారు. తార్నాకలోనే ఉన్న రాష్ట్ర పురాభిలేఖాలయంలో మొగలాయిల కాలం నాటి కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. రాయి చూసేవాడికి కణం సంగతి తెలియదు. కణం చూసేవాడికి ఫార్సీ రాదు. ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్తారు, ఒకరి పని ఒకరికి అర్థం కాదు. ఇంత డబ్బు పోసి వీళ్లందరినీ ఎందుకు పోషించడం అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇక్కడ నల్గొండ నీళ్ల సంగతి చెప్పాలి. పళ్లు పచ్చబడి, నడుములు వంగిపోయి, ముప్పై నలభై ఏళ్లకే ముసలివాళ్లయిన మనుషుల్ని ఆ పల్లెల్లో చూసినవారు ఈ సభలో ఉన్నారు. ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశంలో మొదట 1937లో గుర్తించింది నల్గొండలో కాదు, అప్పటి నెల్లూరు జిల్లాలో. గుర్తించినవాళ్లు డాక్టర్లే. కాని జబ్బు పేరు తెలిసినంత మాత్రాన తీరిందా? ఎముక వంగడానికి కారణం నీళ్లలో ఉంది. నీళ్లలోకి ఆ ఫ్లోరైడు నల్లరాతి పొరల్లోంచి కరిగి వస్తుంది. అది రాళ్ల చదువు చదివినవాడు చెప్పవలసిన మాట. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించితే ప్రమాదమని తేల్చి, కొలిచి చెప్పడం రసాయన శాస్త్రం. ఒకే ఊరి నీళ్లు తాగినా కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ నష్టం ఎందుకని అడిగినవాళ్లు పోషకాహారం వాళ్లు. ఆ జిల్లా పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న సంగతిని 1973లో వాళ్లు ప్రచురించారు. తిండిలో కాల్షియం చాలనివాళ్లకు ఆ నీళ్ల దెబ్బ ఎక్కువగా తగులుతుంది. ఆ దశాబ్దంలోనే నాగపూరులోని పర్యావరణ ఇంజనీరింగు సంస్థవాళ్లు పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చే పద్ధతి ఒకటి కనిపెట్టారు. దానికి ప్రపంచంలో పేరే ‘నల్గొండ పద్ధతి’. మన పల్లె కష్టం ఆ విధంగా దూరదేశాల పుస్తకాల్లోకి ఎక్కింది. ఎక్కినా, పైపుల్లో మంచి నీళ్లు రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. అది పరిశోధన తప్పు కాదు, ఆ సంగతి వేరే సభలో మాట్లాడుకుందాం.

ఇన్ని చదువులూ ఒక్క బావి గట్టు మీద కలిశాయి. కలుస్తాయని ముందుగా ఎవరూ వేసిన లెక్క కాదు. రాళ్లు చదివినవాడు పిల్లల మోకాళ్ల కోసం రాళ్లు చదవలేదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైన్యపు డాక్టరుండేవాడు. మలేరియాకు దోమకు సంబంధం ఉందని ఆయన పట్టుదల. వేసవి వేడిలో గంటల తరబడి దోమల పొట్టలు కోసి సూక్ష్మదర్శిని కింద చూసేవాడు. పంఖా వేస్తే దోమలు ఎగిరిపోతాయని అదీ లేదు. చెమటకు ఆ యంత్రం మరలు తుప్పుపట్టాయని ఆయనే రాసుకున్నాడు. దోమల్లో ఏ జాతి ఏదో కూడా ఆయనకు సరిగా తెలియదు, రెక్కల మీద చుక్కలున్న దోమ అని గుర్తు పెట్టుకున్నాడు. ఆ చుక్కల దోమలను ఆస్పత్రిలో ఉన్న ఒక రోగిని కుట్టనిచ్చి, కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనిపించింది. మరుసటి ఏడాది కలకత్తాలో పని పూర్తి చేశాడు. ఎట్లా? మనుషుల మీద కాదు, పక్షుల మీద. పక్షులకూ ఒక రకం మలేరియా వస్తుంది. మనిషి జబ్బు గుట్టు పక్షుల్లో బయటపడింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. కలకత్తాలో రాస్‌కు సహాయకుడుగా ఉన్నవాడు మహమ్మద్ బక్ష్. ఇద్దరి పేర్లూ చరిత్రలో ఉన్నాయి. ఒకరు దోమలకు ఒళ్లు అప్పగించినవాడుగా, మరొకరు పక్కన నిలబడి సాయం చేసినవాడుగా. వాళ్లను తక్కువ చేయడం లేదు, వాళ్లు లేకపోతే ఆ పని జరిగేది కాదు. కాని వ్యాసం కింద సంతకం చేసేవాడి పేరు కూడా మన ఇళ్లలోంచి రావాలని మేము కోరుకుంటే అది దురాశ కాదనుకుంటాం.

వచ్చినవాళ్లు లేకపోలేదు. సలీం అలీగారి పేరు విన్నారు. ఆయన యూనివర్సిటీ పట్టభద్రుడు కాదు. ఉద్యోగం పోయి, 1930లో బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ గిజిగాడి గూళ్లు చూస్తూ కూర్చున్నారు. మగపక్షి సగం గూడు అల్లుతుంది, ఆడపక్షి వచ్చి చూసి నచ్చితే చేరుతుంది, అప్పుడు మిగతా సగం పూర్తి చేస్తుంది. ఆ తరువాత అదే మగపక్షి ఇంకో గూడు మొదలుపెడుతుంది! ఉద్యోగం లేని మనిషి రోజల్లా ఇది చూస్తుంటే ఇరుగుపొరుగు ఏమనుకొని ఉంటారో మీరే ఊహించండి. తరువాత నిజాం రాష్ట్రంలో పక్షులను లెక్కించినది ఆయనే. 1957లో మైసూరు రాష్ట్రం షిమోగా అడవుల్లో కోతులు చచ్చిపోతూ, మనుషులకు జ్వరం పట్టుకుంటే, ఆ విషక్రిమిని ఉత్తరదేశాల నుంచి వలస పక్షులు తెస్తున్నాయా అన్న అనుమానం వచ్చింది. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పక్షుల సంగతి తెలిసిన సలీం అలీగారి బొంబాయి సంఘానికి సాయం చేసి, పక్షుల కాళ్లకు ఉంగరాలు వేయించే పని చేయించారు. జ్వరానికి డాక్టరు చాలలేదు.

గణితం అబ్బాయి దరఖాస్తు దగ్గరికి వస్తాం. తను చేస్తున్నది తండ్రికి చెప్పలేకపోయాడు, కమిటీకీ చెప్పలేకపోయాడు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లారు. చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో, దాని హద్దు ఎక్కడో 1945లో ఒక వ్యాసంలో చూపారు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి వెళ్లి ఏం చేశారనుకున్నారు? సూడాన్‌లో తవ్వి తెచ్చిన పాత ఎముకల కొలతలు లెక్కకట్టారు. ఎముకలకూ గణితానికీ ఏం చుట్టరికం! ఆ 1945 వ్యాసంలోని సంగతిని నేడు రాడార్ల పనిలో వాడుతున్నారు. 2023లో, నూరేళ్లు దాటిన తరువాత, ఆయనకు సంఖ్యాశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్లు! ఏ కమిటీ అయినా అంతకాలం ఆగి తీర్పు చెప్పగలదా?

ప్రతి పరిశోధనా ఇలా ఫలిస్తుందని మేము అనడం లేదు. చాలా వ్యాసాలు బీరువాల్లో దుమ్ము పట్టి ఉంటాయి. కొన్నింటికి ఆ దుమ్మే తగిన చోటు కూడా. పట్టా కోసం నాలుగు పుస్తకాలు కలిపి అయిదోది చేసేవాళ్లూ ఉన్నారు. అందుకని అడగవలసింది “ఏ సబ్జెక్టు?” అని కాదు. “నీవు స్వయంగా ఏం చూశావు, ఎక్కడికి వెళ్లావు, ఎవరిని అడిగావు?” అని అడగాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వృత్తి పదకోశం చేసినప్పుడు పల్లెల నుంచి రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ సంపుటం తెచ్చారు. తరువాత 1971లో చేనేత సంపుటం వచ్చింది. నాగలిలో ప్రతి ముక్కకూ ఎన్ని జిల్లాల్లో ఎన్ని పేర్లో అందులో ఉన్నాయి. మన దూదేకులవారి ఇళ్లలో దూది ఏకే పనితో పాటు పుట్టిన మాటలు ఆ పని పోయేసరికి పోతున్నాయి. తాతలు ఉండగానే వాటిని రాసిపెట్టే పిల్లవాడు ఒకడు దరఖాస్తు పెట్టుకుంటే బాగుండునని మాకుంది.

ఇక ఫార్సీ అమ్మాయి. ఆ పాత దస్తావేజులు ‘షికస్తా’ అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఫార్సీ వచ్చినంత మాత్రాన అది చదవడం రాదు, విడిగా నేర్చుకోవాలి. ఒక ఇనాం ఎవరికిచ్చారు, సరాయికి ఇచ్చారా, చెరువు బాగుకు ఇచ్చారా, దర్గాకు ఇచ్చారా, సరిహద్దులేవి అన్నది ఆ గొలుసులోనే ఉంది. భూమి తగాదా కోర్టుకు వెళ్లినప్పుడు కాగితం ఇంట్లో ఉండి, చదివేవాళ్లు దొరక్క తిరిగినవాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు. వాళ్లు చేతులెత్తనక్కరలేదు.

డబ్బు విషయం కూడా చెప్పుకుందాం. జాతీయ పరీక్షలో ఫెలోషిప్ వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు నిర్ణయించారు. కాని అది వచ్చేది కొద్దిమందికే. అల్పసంఖ్యాకుల పరిశోధక విద్యార్థులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును ఆపివేస్తున్నట్లు 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ లోటు మన నిధి పూడ్చగలదని ఎవరూ భ్రమపడటం లేదు. మన వల్ల అయ్యేది చిన్న సాయం. తార్నాక వెళ్లి నెల రోజులు కూర్చోవడానికి గది అద్దె, బస్సు చార్జీ, నకళ్ల ఖర్చు, చివర థీసిస్ టైపు, బైండింగు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆడపిల్లల దగ్గర ఇంకొకటి. డబ్బు కంటే ముందు “రెండేళ్లు సంబంధాలు చూడకండి” అని ఇంట్లో చెప్పే పెద్దమనిషి కావాలి. ఆ పని మన మహిళా సభ్యులు చేయగలరు, మగవాళ్ల కంటే బాగా చేయగలరు.

దరఖాస్తుల మీద కమిటీ ఇంకా నిర్ణయం చేయలేదు. భోజనాల తరువాత ముగ్గురు పిల్లలూ పక్క హాల్లో కూర్చుంటారు. ఒక్కొక్కరు పావుగంట తెలుగులో తమ పని చెబుతారు. మీరు ఏదైనా అడగవచ్చు, ఎంత గట్టిగానైనా అడగవచ్చు. వేరుశనగ అమ్మాయి ఆకులు తెచ్చింది. ఫార్సీ అమ్మాయి మీ ఇళ్లలో పాత కాగితాలుంటే తెమ్మని పోయినవారం కబురు పెట్టింది, ఇద్దరు తెచ్చారు. గణితం అబ్బాయి నల్లబల్ల కావాలన్నాడు. పక్క బడి నుంచి తెప్పించాం.