పాత బండి మరమ్మతు: మన చేతిలో ఉన్నంత

(సంఘం ఆధ్వర్యంలో శ్రీముఖలింగంలో జరిగిన యువకుల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



  శివరాత్రి చక్రతీర్థ స్నానానికి వంశధార ఒడ్డున ఎన్ని మోటారు సైకిళ్లు ఆగుతాయో మీకు మేము చెప్పనక్కర లేదు. ఆగిపోయిన బండికి కులమతాల తేడా లేదు కనుక, ఈ మాటలు అందరివీ.

మన సభల్లో చదువుల గురించి, జకాత్ గురించి, ఆడపిల్లల పెళ్లిళ్ల ఖర్చుల గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఈసారి మేము పానా, ప్లగ్గు పట్టుకుని వేదిక ఎక్కాం. కారణం ముందుగా మనవి చేస్తాం.

సాయం కోరి మన దగ్గరకు వచ్చేవారిలో బండి మీద బతికేవారు చాలామంది. బట్టల మూట కట్టుకుని జలుమూరు, సారవకోట, హిరమండలం వైపు ఊరూరా తిరిగేవారు, పాత సామాన్లు కొనేవారు, పాలు పోసేవారు. వాళ్ల బండి పదిహేనేళ్లదో ఇరవయ్యేళ్లదో అయి ఉంటుంది. అది ఒక రోజు ఆగితే ఆ రోజు సంపాదన పోతుంది. రెండో రోజు దాన్ని నరసన్నపేట దాకా ఆటోలో వేసుకెళ్లడానికి కిరాయి కావాలి. మూడో రోజు స్పేర్ల ఖర్చుకు చేతిలో డబ్బుండదు, వడ్డీకి తెస్తారు. వడ్డీ మన దీన్‌లో ఎంత కఠినంగా నిషేధమో అందరికీ తెలుసు. అలాంటి ఊబిలోకి మనిషి దిగడానికి ఒక్కోసారి కారణం కార్బొరేటర్‌లో ఇరుక్కున్న ఇసుక నలుసంత చిన్నది. ఆ నలుసు తీయడం నేర్పితే, ఆ అప్పు పుట్టకుండానే ఆపినవాళ్లం అవుతాం.

చేతిపని చిన్నతనం అనుకునే పిల్లలకు ఒక మాట. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ఇనుముతో కవచాలు చేశారు. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) ఓడ కట్టారు. మీరు రోజూ కిక్ కొట్టే ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ ఆడితే, క్రాంకు దాన్ని గుండ్రని తిరుగుడుగా మారుస్తుంది. దీనికి ఎదురు దిశలో, చక్రం తిరుగుడును ముందుకు వెనక్కు ఆడే కదలికగా మార్చి నీళ్లు తోడే రెండు సిలిండర్ల పంపును అల్ జజరీ అనే ముస్లిం పనివాడు 1206లో పూర్తయిన తన గ్రంథంలో బొమ్మలతో సహా వివరించాడు. దియార్‌బకిర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో పనిచేసిన మనిషి ఆయన. చేతికి నూనె అంటించుకున్నవాళ్లు మన చరిత్రలో గౌరవంగానే ఉన్నారు.

ఇక పనిలోకి వద్దాం. ఇంజను నడవాలంటే మూడు కావాలి: సరిపడా పెట్రోలు, సరైన వేళకు నిప్పురవ్వ, సిలిండర్‌లో గట్టి ఒత్తిడి. బండి స్టార్ట్ కాకపోతే ఈ మూడింటిలో ఏది లేదో కనుక్కోవాలి. ఖర్చు లేనిది ముందు, విప్పాల్సింది తరువాత. ఈ వరస తప్పితే మంచి భాగాలు మార్చి, చెడ్డది అలాగే ఉంచేస్తాం.

మొదట కళ్లతో చూడండి. ట్యాంకులో పెట్రోలు ఉందా? ట్యాప్ తెరిచి ఉందా, రిజర్వుకు తిప్పి చూశారా? హ్యాండిల్ దగ్గర ఆపే స్విచ్ ఉంటే అది సరిగ్గా ఉందా? ప్లగ్గు టోపీ ఊడిపోయిందా? ఇంతవరకు పానాతో పని లేదు.

తరువాత పెట్రోలు సంగతి. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, గాజు సీసాలో పట్టండి. ధార సన్నగా ఉంటే ట్యాప్‌లోని జల్లెడలో తుప్పు చేరింది. సీసాను కాసేపు కదలకుండా ఉంచితే, నీళ్లు కలిసి ఉన్నప్పుడు అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. బండి కొంతదూరం బాగా పోయి ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతోంది అంటే, ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి వెంటనే స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది. దానికి ఒక సూది చాలు. మూత తెరిచినా ప్రయోజనం లేక, ఇంజను చల్లారాకే స్టార్ట్ అవుతోందంటే కాయిల్ గానీ సీడీఐ గానీ వేడికి పనిమానేస్తోందని అనుమానించాలి.

మూడోది ప్లగ్గు. ఇంజను లోపల సంగతులు బయటికి చెప్పే భాగం ఇది. పదేపదే కిక్ కొట్టాక విప్పి చూస్తే తడిగా ఉందా? పెట్రోలు వస్తోంది, రవ్వ రావడం లేదు. పొడిగా ఉందా? పెట్రోలే అందడం లేదు. పొడి మసి పట్టిందా? గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మరీ తెల్లగా కాలిందా? పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. జిడ్డుగా నూనె పట్టిందా? నాలుగు స్ట్రోకుల బండిలో రింగులో వాల్వు సీళ్లో అరిగాయి. ప్లగ్గు కొనల మధ్య సందు చాలా బండ్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు, మీ బండి పుస్తకంలో ఏముందో అదే ఖాయం.

రవ్వ చూడటానికి ప్లగ్గును టోపీలో పెట్టి, దాని మర భాగాన్ని ఇంజను ఇనుముకు ఆనించి కిక్ కొట్టాలి. ముందు పెట్రోలు ట్యాప్ కట్టేయండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఆనించండి. అక్కడి నుంచి వచ్చే పెట్రోలు ఆవిరి భగ్గుమంటుంది. నీలి రంగులో చిటపటమంటూ రవ్వ రావాలి. రాకపోతే ఇంకో మంచి ప్లగ్గుతో చూడండి, తరువాత టోపీ, వైరు. రాజ్‌దూత్, యెజ్డీ, పాత బుల్లెట్ వంటి బండ్లలో పాయింట్లు ఉంటాయి. వాటి ముఖాలు మసిబారితే సన్నటి ఎమరీ కాగితంతో తుడిచి, సందు సరిచేయాలి. సీడీఐ ఉన్న బండ్లలో పాయింట్లు ఉండవు, వెతకకండి.

నాలుగోది ఒత్తిడి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి కిక్ కొట్టండి. గాలి వేలిని తోసేయాలి. తోయకపోతే రంధ్రంలో నాలుగు చుక్కలు ఇంజను ఆయిల్ వేసి మళ్లీ చూడండి. ఒత్తిడి పెరిగితే రింగులు, సిలిండరు అరిగాయి. పెరగకపోతే వాల్వుల మీద అనుమానం. ఈ రెండు పనులూ షెడ్డువి. అయినా షెడ్డుకు వెళ్లేముందే ఏ జబ్బో మీకు తెలిసి ఉంటుంది, ఎంత ఖర్చో ముందే అడగగలుగుతారు.

ఇప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన కష్టం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక వంశధారకు వచ్చిన వరద ఇక్కడి పెద్దలకు గుర్తుంది. 2021 సెప్టెంబరులో గులాబ్ వచ్చింది. రేపు ఇంకొకటి వస్తుంది. వరద నీటిలో మునిగిన బండికి నీళ్లు తీసిన వెంటనే కిక్ కొట్టడం పెద్ద ప్రమాదం. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. సిలిండర్‌లో నీరుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కాబట్టి తాళం పెట్టకండి. బ్యాటరీకి ముందు నెగెటివ్ వైరు తీయండి. ప్లగ్గు విప్పి, ఆ తరువాతే మెల్లగా కిక్ ఆడించి నీటిని బయటికి తోయండి. ఇంజను ఆయిల్ దించండి; పాలు పోసిన టీ రంగులో ఉంటే నీరు కలిసింది. కొత్త ఆయిల్ పోసి కొద్ది నిమిషాలు నడిపి, దాన్ని కూడా దించేసి, మళ్లీ పోయాలి. ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి తుడవాలి. ఎయిర్ ఫిల్టర్ ఆరబెట్టాలి లేదా మార్చాలి. బ్రేకు డ్రమ్ములు విప్పి బురద తీయాలి. చైనుకు నూనె పెట్టాలి. ఒక రోజంతా పట్టే పని ఇది, ఇంజను మిగులుతుంది.

పెట్రోలు గురించి ఇంకొక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు దీని కోసం చేసినవి కావు. అందువల్ల పైపులు పగిలాయేమో తరచుగా చూసుకోవాలి. నెల రోజులు బండి తీయరనుకుంటే ట్యాప్ కట్టి, కార్బొరేటర్ కింది మర తిప్పి పెట్రోలు దించేయాలి.

ఇంట్లో చేయకూడనివీ చెప్పాలి. మూసిన గదిలో ఇంజను నడపవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పెట్రోలు పైపు విప్పిన చోట బీడీ, దీపం, పొయ్యి ఉండకూడదు. పక్కన బకెట్టు ఇసుక ఉండాలి. ఫ్యూజు పోతే దాని బదులు లావు తీగ చుట్టవద్దు, బండి తగలబడుతుంది. బ్రేకు సర్దిన తరువాత ముందు ఇంటి ముందే నెమ్మదిగా నడిపి చూడాలి. ఛాసిస్ పగులు, ఫోర్కు వంకర, చక్రం బేరింగు ఇంటి పని కావు. ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పారు. మనకు ఆ తాడు బ్రేకే. దించిన పాత ఆయిల్‌ను వంశధారలోనో బావి పక్కనో పోయకండి. డబ్బాలో పట్టి షెడ్డుకు ఇవ్వండి. ఆ నీళ్లు మన పిల్లలే తాగుతారు.

కాగితాల సంగతి కూడా. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. థర్డ్ పార్టీ బీమా, పొగ సర్టిఫికెట్ లేకుండా బాగుచేసిన బండి రోడ్డెక్కితే, ఒక్క ప్రమాదంతో ఇల్లు అమ్ముకునే పరిస్థితి వస్తుంది.

ఈ పని నేర్చుకున్న పిల్లలు రేపు నలుగురి బండ్లు చూస్తారు. వారికి మా విన్నపం ఒకటి. ఎవరైనా తన బండిని మీ చేతిలో పెట్టాడంటే అది అమానతు. మారిస్తే మార్చానని చెప్పండి, తీసిన పాత భాగాన్ని ఆయన చేతికే ఇవ్వండి. అవసరం లేని స్పేరు వేయించవద్దు. పాత బండి అమ్మితే లోపం ముందే చెప్పండి. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, అడుగున తడి తగిలితే, ఆ తడిని పైకి ఎందుకు కనపడేలా పెట్టలేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిలదీశారు. రంగు వేసిన సైలెన్సర్ కింద తుప్పు దాచడం కూడా ఆ తడి ధాన్యం వంటిదే.

చివరగా సంఘానికి మా ప్రతిపాదన. ఒక సామాన్ల పెట్టె కొందాం. రెండు వైపుల పానాల సెట్టు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, సందు కొలిచే ఫీలర్ గేజి, వైరు బ్రష్షు, టెస్ట్ బల్బు, గాజు సీసా, నాలుగు రకాల ప్లగ్గులు. ఒక బాధ్యుడి దగ్గర ఉంచి, రాసుకుని ఇద్దాం. ఏ మతం వారు అడిగినా ఇద్దాం. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో ఉలమాలు నిర్ణయిస్తారు, దాన్ని ఇందులో కలపవద్దు. ఈ పెట్టెకు సదఖా, విరాళాలు చాలు. చదువు ఆగిన పిల్లల్లో ఇద్దరిని మంచి షెడ్డులో పనికి కుదర్చి, నేర్చుకున్నన్నాళ్లు వారి భోజన ఖర్చు సంఘం భరిస్తే, వారే తరువాత మిగిలినవారికి నేర్పుతారు. నేర్పిన విద్య నడిచినంత కాలం దాని పుణ్యం నేర్పించినవారికి చేరుతూనే ఉంటుందని మన నమ్మకం.

సభ ముగిశాక బయట చెట్టు కింద మూడు పాత బండ్లు పెట్టి ఉన్నాయి. మూడింటికీ జబ్బు ఉంది, ఏమిటో మేము చెప్పం. ఇప్పుడు విన్న వరసలో మీరే కనుక్కోవాలి. విప్పిన ప్రతి మరను గుడ్డ మీద వరసగా పెట్టండి, విప్పేముందు ఫోనులో ఫొటో తీసుకోండి.

మన చేతులకు పనితనాన్ని, మన సంపాదనకు బర్కత్‌ను, దారిలో ఉన్న ప్రతివారికీ క్షేమాన్ని అల్లాహ్ ప్రసాదించు గాక. ఆమీన్.