పెంచిన కుక్క అప్పగింత

మనలో అనేకుల యిండ్లలో కుక్క కుటుంబములోని వ్యక్తియే. ఉదయము పాలవాని అడుగుల చప్పుడు మనకంటె ముందుగా దానికి తెలియును. పిల్లలు బడినుండి వచ్చు వేళ గడియారము చూడకయే దానికి తెలియును. అట్టి జీవమును ఐదారేండ్లు పెంచిన పిదప, ఇక నుంచుకొనజాలని పరిస్థితి కొన్ని కుటుంబములకు వచ్చుచుండును. ఉద్యోగము మారి దూరప్రాంతమునకు పోవలసివచ్చును. పెద్దలు ఇల్లు తాళము వేసి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న సంతానము కడకు చేరుదురు. ఒక్కొక్కచోట దానిని పెంచిన వ్యక్తియే గతించును. ఇట్టి సమయమున ఆ కుక్కపట్ల గృహస్థుని ధర్మమేమి యన్నది ఈ పూట మనము ఆలోచింపవలసిన విషయము.

కుక్కపిల్లను అడుగువారు పదిమంది యుందురు. పెరిగిన కుక్కను అడుగువారు అరుదు. పెరిగిన కుక్క క్రొత్తవారికి మాలిమి కాదని లోకములో ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకముచేతనే కొందరు మంచి యింటికై వెదకుట మానుకొని, తొందరపడి అనుచితమైన మార్గములు త్రొక్కుదురు. మన పెండ్లిండ్లలో అప్పగింతల వేడుక కలదు. తల్లిదండ్రులు కుమార్తె చేతిని అత్తమామల చేతులలో నుంచి, గారాబముగా పెంచితిమి, తప్పులున్న మన్నింపుడని కోరుదురు. ఎవరి కిచ్చుచున్నారో ముందుగా విచారింతురు. బిడ్డ స్వభావమును దాచక చెప్పుదురు. పంపిన పిదప యోగక్షేమములు కనుగొనుచుందురు. పెంచిన కుక్కను మరియొక యింటికి పంపుటలోను ఈ మూడును ఉండవలెనని మా అభిప్రాయము. ఈ మూడును ఉన్నప్పుడు పెరిగిన కుక్కయు క్రొత్త యింట స్థిరపడగలదు.

ముందుగా చేయరాని పనిని గూర్చి చెప్పుదము. రాత్రివేళ కుక్కను బండిలో నెక్కించుకొని పోయి, ఊరి పొలిమేరలోనో, సంతవద్దనో, గుడి ముంగిటనో దింపి వచ్చువారు కలరు. నలుగురు తిరుగు చోట ఎవరో యింత అన్నము పెట్టకపోరని వారు తమకు తాము సమాధానము చెప్పుకొందురు. ఇంటిలో పెరిగిన కుక్కకు వీధి బ్రతుకు తెలియదు. ప్రతి వీధియు అక్కడి కుక్కల ఏలుబడిలో నుండును. క్రొత్తదానిని అవి చేరనీయవు. బండ్ల రాకపోకలు దానికి అలవాటు లేదు. ఆకలికంటెను గాయములకంటెను గొప్ప బాధ మరియొకటి కలదు. దింపిన చోటనే నిలిచి, తనవారు వత్తురని అది దారి చూచుచుండును.

ఇది చట్టమునకును విరుద్ధము. జంతువులపట్ల క్రూరత్వమును నివారించు చట్టము మన దేశమున 1960లో వచ్చినది. రాజ్యసభ సభ్యురాలుగా నుండిన రుక్మిణీదేవి అరుండేల్ చేసిన కృషి అందులకు ముఖ్యకారణము. ఆకలిదప్పులచే బాధపడు స్థితిలో జంతువును సరియైన కారణము లేక విడిచిపెట్టుట ఆ చట్టములోని 11వ సెక్షను ననుసరించి నేరము. మొదటి తప్పునకు ఆ చట్టము విధించిన జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలు మాత్రమే. శిక్ష స్వల్పమని ధర్మము స్వల్పము కాదు. మహాప్రస్థానమున తన వెంట వచ్చిన కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినప్పుడు, ఆశ్రయించినదానిని విడిచి పొందు స్వర్గము తనకు వలదని ధర్మరాజు నిరాకరించిన కథ మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే.

రెండవదిగా, పంపవలసిన అవసరము నిజముగా నున్నదా యని శాంతముగా పరిశీలింపవలెను. ఇంటిలో పసిబిడ్డ పుట్టెనని కొందరు కుక్కను పంపివేయుదురు. టీకాలు సక్రమముగా వేయించి, పెద్దలు దగ్గర లేకుండ బిడ్డను కుక్కను ఒకచోట విడువక జాగ్రత్తపడినచో, చాలవరకు ఆ అవసరము రాదు. కుక్క క్రొత్తగా మొరుగుట, కసరుట మొదలిడినచో, పలుమారులు దాని వెనుక చెవిపోటో, కీళ్లనొప్పియో, పంటి బాధయో యుండును. అట్టియెడల ముందుగా పశువైద్యునికి చూపవలెను. అపార్టుమెంటు సంఘమువారు కుక్కలు కూడదనుచున్నారని మరికొందరు భయపడుదురు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో వెలువరించిన మార్గదర్శకముల ననుసరించి, నివాసుల సంఘములు పెంపుడు కుక్కలను నిషేధింపరాదు.

విదేశమునకు పోవువారు కుక్కను వెంట గొనిపోవుటకు వీలున్నదేమో మొదట విచారింపవలెను. వీలున్నది కాని, దానికి వ్యవధి కావలెను. 2024 ఆగస్టు 1వ తేదీనుండి అమెరికాలో ప్రవేశించు ప్రతి కుక్కకును కనీసము ఆరు మాసముల వయస్సు, చర్మము క్రింద అమర్చు మైక్రోచిప్ అను గుర్తింపు బిళ్ల ఉండవలెనని నియమము చేసిరి. రేబిస్ వ్యాధి యెక్కువగా నున్న దేశములలో మనదియు నొకటి గనుక, ఇక్కడ టీకా వేయించిన కుక్కకు అక్కడి నిర్ణీత కేంద్రములో ముందుగా ఏర్పాటు చేసికొనుట మొదలైన నిబంధనలు మరికొన్ని కలవు. బ్రిటనుకు గొనిపోవలెనన్నచో రేబిస్ టీకా వేయించిన 30 దినములకు రక్తపరీక్ష చేయించి, ఆ పిదప మూడు మాసములు ఆగవలెను. ప్రయాణపు టిక్కెట్లు కొన్న పిదప వారము దినముల ముందు ఈ సంగతి తలపోసినచో చేయగలిగినది లేదు. ఆ వారము దినములలో మంచి యిల్లు చూచుటయు సాధ్యము కాదు. కావున కుక్కగల గృహస్థుడు ప్రయాణము తలపెట్టిన నాడే దాని సంగతియు తలపెట్టవలెను.

పంపుట తప్పదని తేలినప్పుడు, ఎవరి కీయవలెనన్నది ప్రశ్న. కుక్కకు ఇదివరకే తెలిసినవారు అందరికంటె మేలు: బంధువులు, ఇరుగుపొరుగువారు, దానిని రోజూ పలుకరించు స్నేహితులు. వారిలో ఎవరును లేనిచో పశువైద్యుని అడుగుడు. ఇటీవల ముసలికుక్కను పోగొట్టుకొని యింటిలో వెలితిపడియున్న కుటుంబములు ఆయనకు తెలిసియుండును. హైదరాబాదులో 1992లో స్థాపింపబడిన బ్లూ క్రాస్ వంటి జంతుసేవాసంస్థలు కలవు. అట్టి సంస్థలు గాయపడిన, దిక్కులేని జీవములతో నిండియుండును గనుక, మన కుక్కను అచ్చట దింపి రావలెనను తలంపుతో గాక, మంచి యిల్లు చూచుటలో సహాయమును, సలహాను అర్థించి వారిని ఆశ్రయించుట ఉచితము.

అడిగినవారికి వెంటనే ఈయరాదు. వారి యింటికి పోయి చూడవలెను. పగలంతయు ఇంట ఎవరుందురు? కుక్కను ఇంటిలో నుంతురా, పెరటిలో గొలుసుతో కట్టివేయుదురా? ఇదివరకు పెంచిన కుక్క ఏమైనది? వైద్యమునకు వ్యయము చేయగలరా? ఇంటిలోని వారందరికి ఇష్టమేనా? ఈ ప్రశ్నలు అడుగుటకు మొగమాటపడరాదు. మంచివారు ఈ ప్రశ్నలకు సంతోషింతురు. పిల్లలను ఈనించి అమ్ముకొనుటకై ఆడకుక్కలను సేకరించువారు కలరు గనుక, సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించి పంపుట క్షేమము.

ఇక రెండవ అంగము, దాచక చెప్పుట. ఎవరును తీసికొనరేమో యను భయముచేత కుక్క లోపములను కప్పిపుచ్చుట కద్దు. పిడుగుల చప్పుడునకు మంచము క్రింద దూరునని, అన్నము తినునప్పుడు చేయి పెట్టినచో కసరునని, పిల్లిని చూచినచో నిలువదని ముందుగా చెప్పినయెడల, తీసికొనువారు జాగ్రత్తపడుదురు. చెప్పనియెడల మొదటి వారములోనే అది తిరిగివచ్చును. లేదా మరియొకరి చేతికి పోవును. ఎవరినైన కరిచియున్నచో ఆ సంగతి తప్పక చెప్పవలెను. ఇది మనుష్యుల క్షేమమునకు సంబంధించినది. అట్టి కుక్కను పిల్లలున్న యింటికి పంపరాదు.

ఒక చిన్న నోటుపుస్తకములో అన్నియు వ్రాసి యిచ్చుట మంచి పద్ధతి. టీకాల తేదీలు, వాడిన మందులు, తిండి వేళలు అందులో నుండవలెను. ద్రాక్షలు, కిస్‌మిస్‌లు, చాక్లెట్టు, ఉల్లి కుక్కలకు హానికరములని తెలియనివారు పలువురు గనుక అదియు వ్రాయవలెను. అది గుర్తెరుగు మాటలను సైతము వ్రాయుడు. రా, కూర్చో, వద్దు అను మాటలకు అలవాటుపడిన కుక్క వేరొక భాష మాట్లాడు యింటికి పోయినచో, మాట విననిదని నిష్కారణముగా నింద పడును. దానిని ముద్దుగా పిలుచు పేరులు రెండు మూడున్నను అవియు చేర్చుడు.

పెరిగిన కుక్కకు క్రొత్త యిల్లు అలవాటగునా యను సందేహమును ఇప్పుడు విచారింతము. జపాను దేశపు హచికో కథ మీలో పలువురు వినియుందురు. దాని యజమానియైన ఉయెనో అను ఆచార్యుడు 1925లో హఠాత్తుగా మరణించెను. తరువాత ఇతరుల యిండ్లలో నుంచినను, 1935లో తాను మరణించువరకు అది షిబుయా రైలుస్టేషనుకు పోయి ఎదురుచూచుచునే యుండెను. ఈ కథను విశ్వాసమునకు నిదర్శనముగా చెప్పుకొందుము. దానిలో మరియొక పాఠమును కలదు. యజమాని హఠాత్తుగా మాయమైనప్పుడు కుక్కకు ఆ సంగతిని తెలుపువారు లేరు. మనము బ్రతికియుండి పంపునప్పుడు, ఆ మార్పును మెల్లమెల్లగా దానికి తెలుపు అవకాశము మనకు కలదు.

మా యింట ఆరేండ్లు పెరిగిన టామీ యను నాటుకుక్కను, ఉద్యోగపు బదిలీపై మేము ముంబయి పోవలసివచ్చినప్పుడు, రెండు వీధుల కవతలనున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయ దంపతుల కిచ్చితిమి. వారికి మాట యిచ్చిన నాటినుండి నెలదినములు సాయంకాలపు షికారును వారి యింటివరకు సాగించితిమి. మొదటి వారము అది మా కాళ్లను విడువలేదు. మూడవ వారమున వారి వసారాలో పండుకొని కునుకు తీసెను. పంపిన నాడు దాని గోనెపట్టాను ఉతకకయే యిచ్చితిమి. కుక్కకు ఇల్లనగా ముందు వాసన. రెండు దినములు అది అన్నము ముట్టలేదని ఆ యిల్లాలు ఫోను చేసి కంటనీరు పెట్టుకొనెను. మూడవనాటి రాత్రి ఆమె చేతి పెరుగన్నము తినెను. ఏడాదికి మేము చూడబోయినప్పుడు టామీ మా పైబడి, నాకి, మూలిగి, గంతులు వేసినది. మేము బయలుదేరగా గేటువరకు వచ్చి, ఒక్క క్షణము నిలిచి, వెనుదిరిగి ఆ యిల్లాలి ప్రక్కకు పోయి కూర్చుండెను. మాకు కలిగిన దుఃఖముకంటె నెమ్మదియే యెక్కువ.

కుక్కలను క్రొత్త యిండ్లకు చేర్చువారు స్థూలముగా ఒక లెక్క చెప్పుదురు: బెదురు తీరుటకు మూడు దినములు, ఇంటి పద్ధతులు తెలియుటకు మూడు వారములు, ఇది నా యిల్లని కుదుటపడుటకు మూడు మాసములు. ఇది అన్ని కుక్కలకు ఒకేరీతిగా వర్తింపదు గాని, తీసికొనువారికి ఓర్పు నిచ్చు లెక్క. మొదటి దినములలో తలుపు సందు దొరికినచో పాత యింటికై పరుగెత్తు ప్రమాదము కలదు. గొలుసు లేక బయటకు విడువరాదు. మెడ బెల్టునకు క్రొత్తవారి ఫోను నంబరు గల బిళ్లను ముందుగానే కట్టవలెను. తొలివారము పాత తిండినే పెట్టి, పిదప కొంచెము కొంచెముగా మార్చవలెను.

మూడవ అంగము, పిదప యోగక్షేమము లరయుట. కుదరనిచో మరియెవరికిని ఈయక మాకే తెలుపుడని చెప్పి పంపవలెను. మనము దూరమున నున్నచో, మన తరఫున దానిని తీసికొని మరల వెదకగల బంధువునో మిత్రునో ముందుగా నియమింపవలెను. ఈ ఒక్క మాట కుక్కకు కోటగోడ వంటిది. అయినను, ప్రతిదినము పోయి పలుకరించుట మంచిది కాదు. అది ఎవరి కుక్కయో దానికి తేలకుండ పోవును.

పిల్లల సంగతి మరువరాదు. కుక్క పారిపోయెనని, పల్లెలో పొలమునకు పోయెనని వారితో కల్లలాడుట కొందరి అలవాటు. పిల్లలు ఏనాటికైనను నిజము తెలిసికొందురు. ఎందుకు పంపుచున్నామో వారికి చెప్పి, ఇల్లు చూచుటకు వెంట గొనిపోయి, నోటుపుస్తకములో నాలుగు పంక్తులు వారిచేతనే వ్రాయించినచో, ఆశ్రయించినవారిని ఎట్లు సాగనంపవలెనో వారు నేర్చుకొందురు. ఇంటి పెద్దలు కంట తడిపెట్టినను దాచుకొననక్కరలేదు.

మీ యెరుకలో ఎవరైన పెరిగిన కుక్కకు ఇల్లు వెదకుచున్నచో, వారిని నిందింపక సహాయపడుడు. మీరే కుక్కను పెంపదలచినచో, పిల్లనే కోరక, ఇల్లు కోల్పోవుచున్న పెద్దకుక్కను గూర్చియు ఒకసారి విచారింపుడు. దానికి శుచి తెలియును, మాట తెలియును, మనుష్యుల ప్రేమ తెలియును. క్రొత్తగా దానికి తెలియవలసినది మీ పేరు మాత్రమే.