ఇంట్లో కుట్టు గది: మిషన్ కంటే ముందు జాగా చూడండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "ఇంట్లోనే కుట్టుపని మొదలుపెడదాం అనుకుంటున్నా, ఏ మిషన్ కొనాలి?" నా జవాబు ముందే చెప్పేస్తా. మిషన్ సంగతి తర్వాత, ముందు జాగా తేల్చుకోండి. బ్లౌజులు కుట్టినా, పాత చీరలతో బొంతలు కుట్టినా ఇదే మాట.

ఎందుకు? నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినదాన్ని కదా, లెక్క వేసి చూపిస్తా. వంట, పిల్లల స్కూలు అయ్యాక మీకు రోజుకి రెండు గంటలు దొరికింది అనుకుందాం. మూలన ఉన్న మిషన్ లాగి, బట్ట పరిచి, దారం ఎక్కించేసరికి పావుగంట. భోజనాల టైముకి అన్నీ సర్దడానికి ఇంకో పావుగంట. అంటే రోజూ అరగంట, నెలకి 15 గంటలు. ఆ 15 గంటలకి ఎవరూ డబ్బులివ్వరు.

దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. రోజూ తీసి సర్దేసే పనిని ఇంట్లోవాళ్లు పనిగా చూడరు. "ఏదో కాలక్షేపానికి కుడుతుంది" అంటారు. ఒక మూల ఎప్పటికీ మిషన్‌దే అని తేలిపోతే ఆ మాట మెల్లగా మారుతది.

సరే, జాగా ఎంత కావాలి? ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు చాలు. అద్దె ఇంట్లో హాల్లో ఓ పక్క కర్టెన్ కట్టుకున్నా సరిపోతది. కిటికీ మీ ఎడమ చేతి వైపు ఉండేలా మిషన్ పెట్టండి. సూది ఉండేది ఆ పక్కే కదా, వెలుతురు నేరుగా కుట్టు మీద పడతది. మన దగ్గర ఎండాకాలం ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, నెత్తి మీద ఫ్యాన్ వేస్తే కత్తిరించిన ముక్కలన్నీ ఎగిరిపోతాయి. అందుకే గోడ ఫ్యాన్ లేదా టేబుల్ ఫ్యాన్ కిందకి, కాళ్ల వైపుకి తిప్పి పెట్టండి.

మిర్యాలగూడలో రైస్ మిల్లులకి దగ్గరగా ఉండేవాళ్లు కిటికీకి దోమతెర కొట్టించండి, పని అయ్యాక మిషన్ మీద గుడ్డ కప్పండి. దుమ్ము నూనెతో కలిస్తే షటిల్ దగ్గర జిడ్డు కట్టి దారం తెగుతది.

తర్వాత కటింగ్ బల్ల. మనలో ఎక్కువమంది కింద కూర్చుని, వంగి కత్తిరిస్తారు. నడుం నొప్పి అక్కడే మొదలవుతది. బల్ల ఎత్తు దాదాపు 36 అంగుళాలు, అంటే నిలబడితే మీ మోచేతికి కొంచెం కింద ఉండాలి. కొత్తది కొనక్కర్లేదు. ప్లైవుడ్ ముక్కకి కబ్జాలు వేసి గోడకి బిగిస్తే, అవసరం లేనప్పుడు మడిచేయొచ్చు. ఇస్త్రీ పెట్టెకి మాత్రం వేరే ప్లగ్ ఉండాలి. మిషన్ మోటార్, ఇస్త్రీ పెట్టె రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి.

ఇప్పుడు మిషన్. మొదలుపెట్టేవాళ్లకి మామూలు నల్ల మిషన్ చాలు, కావాలంటే తర్వాత మోటార్ బిగించుకోవచ్చు. ఆర్డర్లు పెరిగాక పవర్ మిషన్ కొంటే సర్వో మోటార్ ఉన్నదే అడగండి. పాత రకం క్లచ్ మోటార్ మీరు పెడల్ తొక్కకపోయినా తిరుగుతూ కరెంటు లాగుతది. సర్వో తొక్కినప్పుడే తిరుగుతది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం.

సూదుల గురించి కూడా చెప్తా. పల్చని పట్టుకి 11 నంబర్, మామూలు కాటన్ బ్లౌజుకి 14, నాలుగైదు పొరల బొంతకి 16 లేదా 18. నల్ల మిషన్ సూదికి పైన ఒక పక్క చదునుగా ఉంటది, పవర్ మిషన్ సూది గుండ్రంగా ఉంటది. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

బియ్యం బస్తా మూతి కుట్టు ఎప్పుడైనా గమనించారా? సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం సర్రున ఊడివస్తది. అది గొలుసు కుట్టు. మన ఇంటి మిషన్‌ది అలా కాదు, పై దారం, బాబిన్ దారం రెండూ బట్ట మధ్యలో మెలిక పడతాయి. ఆ మెలిక పైకి గానీ కిందికి గానీ కనిపిస్తే బిగువు సరిగ్గా లేదని అర్థం. ఆర్డర్ బట్ట మీద ప్రయోగాలు వద్దు, ముందు చిన్న పేలిక మీద చూసుకోండి.

ఇక బొంతలు. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. వెడల్పు 45 అంగుళాల దాకా ఉంటది. సగానికి కత్తిరించి రెండు ముక్కలూ పక్కపక్కన కలిపితే దాదాపు 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు. డబుల్ మంచానికి సరిపోతది. పైకి ఒకటి, కిందకి ఒకటి, లోపల రెండు మెత్తబడిన నూలు చీరలు. మొత్తం నాలుగు చీరలకి ఒక బొంత. ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి.

అంత పెద్ద బొంతని నల్ల మిషన్ కింద తిప్పడం కష్టం, సూదికీ మిషన్ మెడకీ మధ్య జాగా తక్కువ. అందుకని ముక్కలు జోడించే పని మిషన్ మీద, పొరలు కలిపే పని చేతికుట్టుతో చేయండి.

"పాత చీరల బొంత ఎవరు కొంటారు?" అంటారా? కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్ది మహిళలు పాత బట్టలతో కుట్టే కవందిని ఈరోజు దూరదేశాల వాళ్లు కూడా కొంటున్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి మహిళలు చిరిగిన పని బట్టలతో కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లో గోడలకి వేలాడదీసి చూపించారు. మన నానమ్మలు, అమ్మమ్మలు చేసింది కూడా ఇదే పని. దానికి ధర కట్టినవాళ్లే లేరు.

ఆ ధర కట్టడం మీరు మొదలుపెట్టండి. మిషన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ పనికి ఎన్ని గంటలు పట్టింది, దారం, లైనింగ్, కరెంటు ఎంత అయింది అని రాయండి. ఒక నెల రాశాక మీ గంట ఎంతకి పోతుందో మీకే కనిపిస్తది. పక్కింటి ఆమె తీసుకునే రేటు చూసి కాదు, ఆ లెక్క చూసి మీ రేటు చెప్పండి.

పెట్టుబడి విషయానికి వస్తే, 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. పనిముట్లకి 15 వేల రూపాయల దాకా, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే. మీకు వర్తిస్తుందా, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అనేది మీ దగ్గరి సీఎస్‌సీ సెంటర్‌లో కనుక్కోండి. అప్పు మాత్రం ఆ నోట్‌బుక్ లెక్క చూసుకున్నాకే తీసుకోండి.

ఈ వారం ఒక్క పని చేయండి. టేపు తీసుకుని ఇంట్లో ఆరు బై ఎనిమిది అడుగుల జాగా ఎక్కడుందో కొలవండి. దొరికాక ఇంట్లో అందరికీ చెప్పండి, ఇది నా పని జాగా అని. వచ్చే ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ మిషన్ కొనేముందు ఏమేం చూడాలో మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్తే.