మారిషస్ ద్వీపపు పప్పుపూరీ



హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుగా, మారిషస్ అను చిన్న ద్వీపము కలదు. మధ్యాహ్నమైనచో అచ్చట గుమాస్తాయు, రేవు కూలియు, బడిపిల్లవాడును ఒక్క బండియొద్దనే నిలిచి కొని తిను పదార్థ మొకటి యున్నది. దానిని దాల్‌పురీ యందురు. పండితుడు తిండినిగూర్చి ప్రసంగించుట యేల యని కొందరనవచ్చును. అన్నమును బ్రహ్మమని యెంచిన దేశమున ఆ ప్రశ్నకు తావులేదు.

1834వ సంవత్సరము నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను ఆ ద్వీపమునకు చేర్చెను. మఱుసటి యేడు ఫిబ్రవరిలో అచ్చట బానిసత్వము రద్దయ్యెను; చెఱకుతోటల దొరలకు పనివారు కఱవైరి. అది మొదలు 1920 వఱకు దాదాపు 5 లక్షలమంది ఒడంబడికపై అచ్చట దిగిరి. వారిలో బీహారు ప్రాంతమువారు మెండు. తమిళులు, మరాఠీలు, మన తెలుగువారును కలరు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవున ఓడ యెక్కుటచే మనవారికి కోరంగులను పేరు వచ్చినది.

జీతముతోబాటు బియ్యము, పప్పు, ఉప్పు కొలిచి యిచ్చెడివారు. ఒకనాడు పనికి రానిచో రెండునాళ్ల కూలి కోసెడివారు. జ్వరపడినవాడు నేటి కూలియేగాక నిన్నటి కష్టమును పోగొట్టుకొనెడివాడు! అట్టి బ్రదుకులోనికి బీహారు స్త్రీలు తమ పండుగ వంటకమగు పప్పుపూరీని తెచ్చిరి.

మన బొబ్బట్టు చేయు గృహిణులకు దీని మర్మము సులభముగ బోధపడును. పప్పును మెత్తగ నుడికింపరాదు. వ్రేళ్లనడుమ నలిగినంత చాలును. నీరు వార్చి, పప్పును పొడిగ విసరి, జీలకఱ్ఱ, పసుపు, ఉప్పు కలుపుదురు. వార్చిన నీటితోనే గోధుమపిండి తడుపుదురు. ఏదియు వృథా కాదు. మన పూర్ణము తడిది, తీయనిది. ఇది పొడి గనుక కాగితమంత పలుచగ నొత్తినను చిరుగదు. పేరు పూరీయే గాని నూనెలో వేపరు, పెనముపై కాల్తురు.

అందులో పెద్దచిక్కుడు గింజల కూర, క్రియోలువారి రుగాయ్ అను టొమాటో పులుసు, ఊరగాయ, పచ్చిమిరప పచ్చడి వేసి చుట్టి కాగితమున నిత్తురు. ట్రినిడాడునకు పోయిన బీహారువారును దీనిని మఱువలేదు. కాని అచ్చట పెద్దదిగ నొక్కటియే చేయుదురు, మారిషస్‌లో చిన్నవి జతగ నిత్తురు. హిందువు, మహమ్మదీయుడు, క్రైస్తవుడు, చీనావాడు ఒకే చేతివంట తిందురు. సముద్రము దాటినవాడు ఆచారభ్రష్టుడని మన పెద్దలు వెలివేసిరి. ఆ వెలియైనవారి వంట నేడొక దేశపు భోజనమైనది. పెద్దల తీర్పు నాకెన్నడును రుచింపలేదు.

కూలీలు దిగిన రేవు మెట్లను, ఆప్రవాసి ఘాట్ అను పేర, 2006లో ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తించిరి. ఉగాది అచ్చట సెలవుదినము. తెలుగువారి పిల్లలు పలువురు ఇంట క్రియోలు మాటలాడి, తెలుగును బడిలో నేర్చుకొందురు. మధ్యాహ్నపు గంట కొట్టగనే వారును బండి చెంతకే పోవుదురు. అచ్చట వారడుగునది "ఎన్ పేర్" అని, అనగా ఒక జత.