మందు కంటే ముందు ముక్క పరీక్ష

హృద్రోగ వైద్యులు, రక్తవ్యాధి నిపుణులు, పాథాలజిస్టులు ఒకే గదిలో కూర్చోవడం తరచుగా జరిగేది కాదు. గుండెలో పుట్టే లింఫోమా మనల్ని ఇలా కలిపింది.

గుండెలో కణితి కనిపించడమే అరుదు. కనిపించినా, చాలావరకు ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో పాకి వచ్చిందే అయివుంటుంది. గుండెలోనే పుట్టే కణితుల్లో లింఫోమా వాటా నూటికి ఒకటి రెండు. 1949 నుంచి 2009 దాకా వైద్య పత్రికల్లో అచ్చయిన కేసులను వెతికి పెట్రిచ్ బృందం 2011లో సమీక్ష రాసింది. అరవై ఏళ్లకు దొరికినవి 197. మనలో ఒకరికి జీవితకాలంలో ఒకటో రెండో ఎదురైతే గొప్ప. కాబట్టి సొంత అనుభవం సరిపోదు, ఒకరి కేసు నుంచి మరొకరు నేర్చుకోవాలి.

ఇది ఎక్కువగా కుడి కర్ణికలో పుడుతుంది. చాలామందిలో డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ రకమే. రోగి ఆయాసమంటాడు, కళ్లు తిరుగుతున్నాయంటాడు. ఈసీజీలో హార్ట్ బ్లాక్, ఎకోలో గుండె చుట్టూ నీరు కనిపించవచ్చు. గుండె చుట్టూ నీరు చేరిందంటే మనకు మొదట తట్టేది టీబీ. తట్టడంలో తప్పులేదు, మన దేశంలో దానికి ముఖ్య కారణం అదే. చిక్కంతా తర్వాతి అడుగులో ఉంది. నీటిలో టీబీ క్రిమి దొరక్కపోయినా టీబీ మందులు, వాటితోపాటు స్టెరాయిడ్లు మొదలవుతాయి. స్టెరాయిడ్‌కు లింఫోమా కణాలు కూడా కరుగుతాయి. నీరు తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుంటారు. తర్వాత కణితి మళ్లీ పెరుగుతుంది. ఈలోగా పరీక్షకు (బయాప్సీకి) కణితి ముక్క తీసినా అందులో చచ్చిన కణాలు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. వేగంగా పెరిగే ఈ జబ్బులో అలా పోయిన వారాలు రోగికి ప్రాణాంతకం కాగలవు.

అందుకే మందు కంటే ముందు ముక్క పరీక్ష జరగాలంటున్నాను. గుండె చుట్టూ తీసిన నీటిని టీబీ పరీక్షలకు పంపేటప్పుడే సైటాలజీకి, ఫ్లో సైటోమెట్రీకి కూడా పంపండి. కొందరిలో జవాబు ఆ నీటిలోనే ఉంటుంది. అక్కడ తేలకపోతే సిర గుండా కుడి కర్ణికలోకి వెళ్లి ముక్క తీయవచ్చు.

శస్త్రచికిత్స నిపుణులకు ఒక విన్నపం. 1954లో స్టాక్‌హోంలో సర్జన్ క్రాఫోర్డ్ గుండెలోంచి మైక్సోమా అనే కణితిని తొలిసారి విజయవంతంగా తీసిన నాటి నుంచి, ముద్ద కనిపిస్తే కోసి తీసేయాలన్న ఆలోచన మనలో బలపడింది. లింఫోమా కత్తికి లొంగదు, మందుకు లొంగుతుంది. చాప్ (CHOP) కీమో మందులకు రిటుక్సిమాబ్ తోడైన తర్వాత బతికి బయటపడేవారు పెరిగారు. ఆ మందుల్లోని డాక్సోరుబిసిన్ గుండెకే చేటు చేయగలదు, అయినా వదులుకోలేం. మరో ప్రమాదం కూడా ఉంది. గుండె గోడలోకి చొచ్చుకున్న కణితి ఒక్కసారిగా కరిగితే అక్కడ గోడ చిట్లవచ్చు. తొలి మోతాదు తగ్గించి, మానిటర్ పెట్టి మొదలుపెట్టేది అందుకే. కీమో తర్వాత హార్ట్ బ్లాక్ దానంతటదే పోయిన కేసులూ ఉన్నాయి. పరిస్థితి అనుమతిస్తే శాశ్వత పేస్‌మేకర్‌కు తొందరపడకండి.

ఇప్పటిదాకా చెప్పినదానికి పూర్తిగా భిన్నమైన లింఫోమా గుండెలోనే మరొకటుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అదే. కృత్రిమ కవాటం మీద పేరుకున్న ఫైబ్రిన్‌లోనో, మైక్సోమా లోపలో మైక్రోస్కోపుకే అందేంత చిన్న గుంపులుగా అది ఉంటుంది. దాదాపు ఎప్పుడూ ఎప్‌స్టీన్-బార్ వైరస్ తోడుంటుంది. కణాలను చూస్తే ఉగ్రమైన లింఫోమాయే, నడత మాత్రం సాధువు. పూర్తిగా తీసేస్తే చాలామందికి కీమో అవసరం పడదు. 2022 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. రుమాటిక్ జబ్బుతో కవాటాలు మార్పించుకున్నవారు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. రెండో ఆపరేషన్‌లో తీసిన గడ్డను ‘ఉత్త రక్తం గడ్డే’ అని పారేస్తే ఈ వ్యాధి ఉందని కూడా మనకు తెలియదు. గుండెలోంచి బయటికొచ్చిన ప్రతి ముక్కా పాథాలజిస్టు బల్ల మీదికి చేరాలి.

ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రుల్లో ఈ రెండు రకాల్లో ఏది దొరికినా, రోగి పేరు లేకుండా, స్లైడ్లతో సహా నమోదుచేసే ఉమ్మడి పట్టిక మొదలుపెడదాం. పట్టికలో ఏమేం ఉండాలో సాయంత్రం సమావేశంలో తేల్చుదాం.