రంగస్థలమున గాయపుమచ్చ



భాగవతమున అర్జునుఁడు ఖడ్గముతో అశ్వత్థామ శిరోరత్నమును వెండ్రుకలతోఁగూడ హరించును. ఈ కథను మన అలంపురమున ఆడఁదలఁచు యువకులు నుదుట కుంకుమ పూసినంతమాత్రమున అది గాయము కానేరదు.

శిబిరమునుండి వెడలఁగొట్టఁబడునాఁటికి అది పచ్చిగాయము. నడుమ ముదురెఱుపు, ఉబ్బిన అంచులకు లేఁతయెఱుపు అద్దవలెను. చిరంజీవియై పెక్కేండ్లు తిరిగిన అశ్వత్థామకు అది మానిన మచ్చ. పాలిపోయి, బిగిసి, నునుపుగా మెఱయును. దీనికై కొలోడియన్ అను ద్రవమును సన్నని గీతగా పూయుదురు. అది ఆఱుచు చర్మమును ముడుచును, పల్లమేర్పడును. ఒక పూఁత ఆఱిన పిదపనే మఱియొకటి పూయవలెను. అందు ఈథరు కలదు గనుక దీపమునకు దూరముగా నుంచవలెను, కంటిదరికిఁ జేర్పరాదు. ముందుగా ముంజేతిపై పరీక్షింపవలెను. ఆట ముగిసినపిదప గోళ్లతోఁ బెఱుకరాదు.

వెనుకటి వేషగాండ్రు పసుపువన్నెకు అర్దళము పూసికొనెడివారు. అది గంధకముతోఁ గూడిన ఆర్సెనిక్, విషము. దానిని విడువవలెను. వేషము తెల్లవాఱువఱకే, ముఖము బ్రదికినన్నాళ్లు. చూపరులు నిజమని నమ్మిన మచ్చ నటుని మోమున నిజముగా మిగులరాదు.